జబ్బు రాకముందే ముద్ర: మానసిక వ్యాధి, జన్యువు, చట్టం

2007లో ఇంగ్లండ్‌లో ఒక వ్యక్తి తన భార్యను తుపాకీతో కాల్చి చంపాడు. అతని మానసిక స్థితిని లెక్కలోకి తీసుకున్న కోర్టు జైలుకు బదులు మానసిక చికిత్సాలయంలో ఉంచమని ఆదేశించింది. 2009లో అతనికి హంటింగ్టన్ వ్యాధి ఉన్నట్టు అక్కడి వైద్యులు నిర్ధారించారు. మెదడు కణాలను మెల్లగా దెబ్బతీస్తూ కదలికలను, జ్ఞాపకశక్తిని, ప్రవర్తనను మార్చేసే ఈ జబ్బును నయం చేసే మందు లేదు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగానికి సగం. అప్పటికి అతని కూతురు గర్భవతి. ఆమెకు చెప్పడానికి అనుమతి ఇవ్వమని వైద్యులు అడిగితే అతను ససేమిరా అన్నాడు. వైద్యులు చెప్పలేదు. పాప పుట్టిన కొన్ని నెలలకు ఆ సంగతి పొరపాటున ఆమె చెవిన పడింది. 2013లో పరీక్ష చేయించుకుంటే ఆమెకూ ఆ జన్యువు వచ్చినట్టు తేలింది. ముందే తెలిసి ఉంటే గర్భం ఉంచుకునేదాన్ని కానని ఆమె ఆసుపత్రి ట్రస్టుల మీద దావా వేసింది.

మానసిక వైద్యం, జన్యుశాస్త్రం, చట్టం ఒకే ఇంట్లో ఢీకొన్న కేసు ఇది. తండ్రి రోగి, కాబట్టి అతని గోప్యతకు చట్టం రక్షణ ఉంది. కూతురు ఎవరి రోగీ కాదు. ఆమెకు ఏ హక్కు ఉంది?

సంక్షిప్తంగా

మానసిక వ్యాధి ఉన్నవారికి భారతదేశంలో 2017 నుంచి గట్టి చట్టమే ఉంది. కాని అది కాపాడేది రోగిని. ఇంకా ఏ జబ్బూ లేకుండా, 'రేపు రావచ్చు' అని ఇంటి చరిత్రో జన్యు పరీక్షో చెబుతున్న వ్యక్తిని కాపాడే చట్టం లేదు. జన్యువు చెప్పేది చాలాసార్లు అవకాశం మాత్రమే. పెళ్లి, బీమా, కోర్టు అడిగేది మాత్రం అవునా కాదా అని. నైతిక వివాదాలు ఎక్కువగా ఈ తేడాలోంచే పుడుతున్నాయి. అదే సమాచారం వైద్యుడి చేతిలో ఉన్నప్పుడు ప్రాణం కాపాడిన సందర్భాలూ ఉన్నాయి.

80 శాతం అనే అంకెలో ఏముంది

లేనివి ఉన్నట్టు వినిపించే, కనిపించే తీవ్ర మానసిక వ్యాధి స్కిజోఫ్రీనియా 80 శాతం వంశపారంపర్యమని ఆరోగ్య కథనాల్లో తరచూ కనిపిస్తుంది. కవల పిల్లల మీద దశాబ్దాలుగా జరిగిన పరిశోధనల నుంచి వచ్చిన అంచనా అది. చదివినవారు దాన్ని 'తండ్రికి ఉంటే బిడ్డకు 80 శాతం వస్తుంది' అని అర్థం చేసుకుంటారు. అది పూర్తిగా పొరపాటు. ఆ అంకె ఏ ఒక్క మనిషి గురించీ కాదు. ఒక జనాభాలో కొందరికి జబ్బు వచ్చి కొందరికి రాకపోవడంలో కనిపించే తేడాకు జన్యువులు ఎంతవరకు కారణమో చెప్పే లెక్క మాత్రమే. ఒకే మాగాణిలో రకరకాల వరి విత్తనాలు చల్లితే మొక్కల ఎత్తులో తేడా దాదాపు అంతా విత్తనం వల్లనే. అవే విత్తనాలను సగం మాగాణిలో, సగం మెట్టలో చల్లితే విత్తనం వాటా పడిపోతుంది. విత్తనం మారలేదు, నేల మారింది.

ఒక్కో మనిషికి సంబంధించిన అంకెలు వేరు. సాధారణ జనాభాలో స్కిజోఫ్రీనియా నూటికి దాదాపు ఒకరికి వస్తుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లల్లో నూటికి సుమారు పది మందికి. అంటే మిగతా తొంభై మందికి రాదు. జన్యువులన్నీ దాదాపు ఒకటే అయిన కవలల్లో కూడా ఒకరికి వస్తే రెండోవారికి వచ్చే అవకాశం 40 నుంచి 50 శాతం మధ్యలోనే ఉంటుంది. మరోవైపు నుంచి చూస్తే, ఈ జబ్బు ఉన్నవారిలో ఎక్కువమందికి తల్లిదండ్రుల్లో ఎవరికీ అది ఉండదు.

2022లో వెలువడిన అంతర్జాతీయ పరిశోధన 76,755 మంది రోగులను, 2,43,649 మంది ఇతరులను పోల్చి, స్కిజోఫ్రీనియాతో ముడిపడిన 287 చోట్లను జన్యు పటంలో గుర్తించింది. ఒక్కో చోటి ప్రభావం అతి స్వల్పం. అలాంటి చిన్న చిన్న ప్రభావాలన్నీ కలిపి వేసే 'పాలీజెనిక్ స్కోరు' కూడా జబ్బు వచ్చే అవకాశంలోని తేడాలో దాదాపు 7 శాతాన్నే వివరించగలిగింది. పైగా అందులో ఎక్కువమంది యూరప్, తూర్పు ఆసియా సంతతివారు. ఆ స్కోరును భారతీయుడికి వేస్తే గురి ఇంకా తప్పుతుంది. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. 22వ క్రోమోజోములో ఒక చిన్న ముక్క లోపించినవారిలో నలుగురిలో ఒకరికి పెద్దయ్యాక స్కిజోఫ్రీనియా వంటి జబ్బు కనిపిస్తుంది. అయితే అలాంటివారు అరుదు.

హంటింగ్టన్ విషయం దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ ఉన్నది ఒకే ఒక్క జన్యువు. అందులో మార్పు నిర్ణీత స్థాయి దాటి, మనిషి తగినంత కాలం బతికితే జబ్బు వచ్చి తీరుతుంది. ఈ రెండు రకాలనూ ఒకే గాట కట్టి 'వంశంలో ఉంది' అనేయడమే తర్వాతి చిక్కులకు మూలం. తెలుగు నాట మేనరికం చర్చలోనూ ఇదే కలగాపులగం కనిపిస్తుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఒకే లోపం అందితేనే వచ్చే జబ్బులు మేనరికంలో పెరుగుతాయన్నది నిజం. వేల చిన్న తేడాలు కలిస్తే వచ్చే మానసిక వ్యాధులకు ఆ లెక్క అలాగే వర్తించదు. అయినా సంబంధం చూసేటప్పుడు అడిగే ప్రశ్న రెండింటికీ ఒకటే: "ఆ ఇంట్లో ఎవరికైనా ఉందా?"

రహస్యం ఎవరిది

ఇంగ్లండ్ కేసులో కింది కోర్టు 2015లో దావానే కొట్టేసింది. వైద్యుడి బాధ్యత తన రోగి వరకేనన్నది ఆ తీర్పు సారాంశం. 2017లో అప్పీలు కోర్టు దాన్ని మళ్లీ విచారించమంది. 2020 ఫిబ్రవరిలో హైకోర్టు ఇచ్చిన తీర్పు వైద్యలోకాన్ని ఆలోచనలో పడేసింది. తమ రోగి కాకపోయినా, జన్యుపరమైన ముప్పు ఉందని స్పష్టంగా తెలిసిన దగ్గరి బంధువు విషయంలో, ఆమె తెలుసుకోవడం వల్ల కలిగే మేలునూ రోగి గోప్యతనూ బేరీజు వేయాల్సిన చట్టబద్ధ బాధ్యత వైద్యులకు ఉందని అది చెప్పింది. ఆ కేసులో మాత్రం వైద్యులు ఆ పని చేశారని, వారి నిర్ణయం తప్పు కాదని భావించి ఆమె దావాను తిరస్కరించింది. ఆమె ఓడిపోయింది కాని ఆమె లేవనెత్తిన సూత్రం గెలిచింది.

భారతదేశంలో ఇలాంటి పరిస్థితి వస్తే దగ్గర్లో కనిపించే ఆధారం 1998 నాటి సుప్రీంకోర్టు తీర్పు. హెచ్‌ఐవీ ఉన్న వ్యక్తి సంగతి ఆసుపత్రి నుంచి బయటికి పొక్కి అతని పెళ్లి ఆగిపోయింది. గోప్యత భంగమైందన్న అతని వాదనను కోర్టు ఒప్పుకోలేదు. పెళ్లి చేసుకోబోయే అమ్మాయి ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు గోప్యత హక్కు వెనక్కి తగ్గాలని చెప్పింది. ఈ తర్కాన్ని జన్యువుకు అతికించబోతే ఒక చోట తెగుతుంది. ఆ అమ్మాయికి హెచ్‌ఐవీ ఇంకా సోకలేదు. చెబితే సోకకుండా ఆపవచ్చు. కూతురికి రావాల్సిన జన్యువు ఆమె పుట్టకముందే వచ్చేసింది. చెప్పడం వల్ల ఆగేది జబ్బు కాదు. మారేది ఆమె నిర్ణయాలు: పిల్లల్ని కనడం, ఉద్యోగం, పొదుపు, పెళ్లి. అవి చిన్నవేమీ కావు. కాని తెలుసుకోకుండా బతికే హక్కు కూడా ఆమెదే. హంటింగ్టన్ ముప్పు ఉన్నవారిలో చాలామంది పరీక్ష అందుబాటులో ఉన్నా చేయించుకోరు. వారి నిర్ణయాన్ని పిరికితనం అనడానికి ఎవరికీ అర్హత లేదు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం–2017లోని 23వ సెక్షన్ రోగి సమాచారాన్ని గోప్యంగా ఉంచాలని చెబుతూ కొన్ని మినహాయింపులు ఇచ్చింది. ఇతరులను హాని నుంచి గాని హింస నుంచి గాని కాపాడటానికి అవసరమైనంత మేరకు చెప్పవచ్చన్నది వాటిలో ఒకటి. ఆ మాటలు రాసినవారి మనసులో ఉన్నది రోగి ఎవరి మీదైనా దాడి చేసే పరిస్థితి అని చదివితేనే తెలుస్తుంది. జన్యువు ద్వారా వచ్చే ముప్పు 'హాని' కిందికి వస్తుందా అన్నదానికి ఆ సెక్షన్‌లో స్పష్టత లేదు.

ఆచరణలో సమస్య తరచూ తలకిందులుగా ఉంటుంది. మన ఆసుపత్రుల్లో రోగి ఒంటరిగా రాడు. రిపోర్టు ముందు చేరేది అన్నయ్య చేతికో మామగారి చేతికో. ఇంగ్లండ్ వైద్యులు కూతురికి చెప్పవచ్చా అని తర్జనభర్జన పడ్డారు. ఇక్కడ రోగికి తెలియకముందే ఇల్లంతా తెలిసిపోతుంది. 2017 చట్టం కుటుంబం మొత్తానికి ఆ హక్కు ఇవ్వలేదన్న సంగతి చాలామందికి తెలియదు. తన తరఫున మాట్లాడే ప్రతినిధిని రోగి స్వయంగా నియమించుకోవచ్చు. ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకోవచ్చు. కాగితం మీద ఇది చాలా ముందున్న చట్టం.

పెళ్లి చట్టంలో మిగిలిపోయిన వాక్యం

హిందూ వివాహ చట్టం–1955లోని 5వ సెక్షన్ పెళ్లికి కావాల్సిన షరతులు చెబుతుంది. 1976 సవరణతో అందులో చేరిన భాగం ప్రకారం, చెల్లుబాటయ్యే సమ్మతి ఇవ్వగలిగిన వ్యక్తి అయినా సరే, 'వివాహానికి, సంతానోత్పత్తికి తగనంత' స్థాయిలో మానసిక రుగ్మతతో ఉండకూడదు. ఉంటే ఆ పెళ్లిని రద్దు చేయమని కోర్టును కోరవచ్చు. ప్రత్యేక వివాహ చట్టంలోనూ ఇదే షరతు ఉంది. మూర్ఛ వ్యాధిని ఈ జాబితా నుంచి 1999లో తీసేశారు. మిగతాది అలాగే ఉంది.

సమ్మతి ఇవ్వగలిగిన మనిషి సంతానానికి తగడని చట్టం ఎందుకు చెప్పాలి? దీని వెనక ఒక చరిత్ర ఉంది. 1927లో అమెరికా సుప్రీంకోర్టు వర్జీనియాలో ఒక యువతికి బలవంతంగా చేయదలచిన కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సను సమర్థించింది. తల్లి, ఆమె, ఆమె బిడ్డ, మూడు తరాలూ బుద్ధిమాంద్యం గలవారేనన్నది ఆధారం. ఆ బిడ్డ తర్వాత బడిలో మంచి విద్యార్థుల జాబితాకెక్కింది. 1933లో జర్మనీలో నాజీలు తెచ్చిన చట్టం స్కిజోఫ్రీనియా, బైపోలార్ (అతి ఉత్సాహం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే జబ్బు), వంశపారంపర్య మూర్ఛ, హంటింగ్టన్ వంటి తొమ్మిది కారణాలు చూపి దాదాపు 4 లక్షల మందికి సంతానం కలగకుండా చేసింది. ఆ చట్టానికి వ్యాఖ్యానం రాసినవారిలో ఎర్న్‌స్ట్ రూడిన్ ఒకడు. అతను మ్యూనిక్‌లో మానసిక వ్యాధుల వంశపారంపర్యం మీద పరిశోధన నడిపిన శాస్త్రవేత్త. ఈ రంగానికి పునాది వేసినవారిలో అతని పేరు ఉంటుంది. మానసిక జన్యుశాస్త్రం ఇప్పటికీ ఆ నీడను మోస్తూనే నడుస్తోంది. ఆ తర్వాత రోగులను చంపడం కూడా మొదలైంది. ఇంత జరిగాక కూడా యుద్ధానంతర జర్మనీలో స్కిజోఫ్రీనియా కొత్త కేసులు తగ్గలేదు. వేల చోట్ల చెదిరి ఉన్న, రోగం లేనివారిలోనూ ఉన్న తేడాలను రోగులకు శస్త్రచికిత్స చేసి తీసేయడం సాధ్యం కాదు. అది ఎంత క్రూరమో అంత నిష్ఫలం కూడా.

భారత చట్టం ఎవరికీ శస్త్రచికిత్స చేయమనలేదు. పైగా 2017 చట్టంలోని 95వ సెక్షన్ మానసిక వ్యాధికి చికిత్స పేరుతో సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయడాన్ని నిషేధించింది. సమ్మతి లేకుండా సంతానం కలగకుండా చేసే ఏ వైద్యమూ వికలాంగుల మీద చేయరాదని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. 2009లో చండీగఢ్ ప్రభుత్వ సంరక్షణలో ఉన్న, స్వల్ప మేధో వైకల్యం గల యువతి గర్భాన్ని ఆమె ఇష్టానికి విరుద్ధంగా తీయించడానికి వీల్లేదని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఇన్ని రక్షణలు ఒకవైపు, 'సంతానోత్పత్తికి తగని' అనే మాట మరోవైపు. రెండూ ఒకే దేశంలో అమల్లో ఉన్నాయి. 1976 నాటి ఆ మాటకు ఇప్పుడు శాస్త్రీయ ఆధారం గాని, మిగతా చట్టాలతో పొందిక గాని లేవు. దాన్ని తొలగిస్తే పెళ్లిళ్లకు రక్షణ తగ్గదు కూడా, ఎందుకంటే సమ్మతి ఇవ్వలేని స్థితి, దాచిపెట్టి చేసిన మోసం అనే కారణాలు చట్టంలో విడిగానే ఉన్నాయి.

కోర్టులు మాత్రం జబ్బు పేరు చూసి తీర్పు ఇవ్వకూడదని చాలాకాలంగా చెబుతున్నాయి. స్కిజోఫ్రీనియా అనే పేరు ఒక్కటే విడాకులకు చాలదని, తీవ్రత ఎంతో రుజువు చేయాలని 1988లో సుప్రీంకోర్టు అంది. 2013లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన కేసులో అదే సూత్రాన్ని మళ్లీ నిలబెట్టింది. భార్యకు స్కిజోఫ్రీనియా ఉందని భర్త ఆరోపణ. ఆమె ఎంబీబీఎస్ చదివి, పీజీ డిప్లొమా చేసి, ప్రభుత్వ వైద్యాధికారిగా పనిచేస్తున్నారు. నిజంగా ఆ స్థాయి జబ్బే ఉంటే ఆ ఉద్యోగం చేయడం అసాధ్యమని కోర్టు గుర్తించి విడాకులు నిరాకరించింది. జబ్బు నిర్ధారణ అయినంత మాత్రాన ఆ వ్యక్తికి మతిస్థిమితం లేదని భావించరాదని 2017 చట్టం 3వ సెక్షన్‌లో కూడా ఉంది.

అయితే ఇక్కడివన్నీ జబ్బు ఉందా లేదా అన్న తగవులు. వైద్య పరీక్షకు ఆదేశించే అధికారం వివాహ కోర్టులకు ఉందని 2003లో సుప్రీంకోర్టు తేల్చింది. నిరాకరిస్తే కోర్టు దాన్ని వారికి వ్యతిరేకంగా తీసుకోవచ్చు. రేపు ఆ పరీక్ష అంటే జన్యు పరీక్ష అయితే? జబ్బును దాచడం మోసమైతే, అక్కకు జబ్బు ఉందన్న సంగతి దాచడం కూడా మోసమేనా? 'ఎర్రగడ్డకు పంపాలి' అన్న మాట తిట్టుగా చలామణీ అయ్యే సమాజంలో ఈ ప్రశ్నల భారం ఎక్కువగా ఆడపిల్లల మీదే పడుతుంది. చెల్లి సంబంధం చెడుతుందని అక్కకు వైద్యమే చేయించని ఇళ్లు ఉన్నాయి. జబ్బు లేని చెల్లి ముప్పు అంకెల్లో స్వల్పం. సంబంధాల బజారులో ఆ అంకెను ఎవరూ అడగరు.

బీమా: జబ్బుకు ఒక దారి, ముప్పుకు మరో దారి

బీమా సంస్థల వాదనలో తర్కం లేకపోలేదు. తనకు ముప్పు ఎక్కువని తెలిసిన వ్యక్తి దాన్ని దాచి పెద్ద పాలసీ తీసుకుంటే, ఆ భారం మిగతా పాలసీదారులందరి ప్రీమియం మీద పడుతుంది. అలాంటివారే ఎక్కువైతే ప్రీమియం పెరిగి, ఆరోగ్యవంతులు తప్పుకుని, చివరికి ఆ నిధే నిలబడదు. కాబట్టి మీకు తెలిసింది మాకూ తెలియాలని సంస్థలు అంటాయి. హంటింగ్టన్ లాంటి ఒకే జన్యువు జబ్బుకు ఈ వాదనలో బలం ఉంది. 7 శాతం తేడాను మాత్రమే వివరించే స్కోరుకు లేదు. అలాంటి స్కోరుతో ప్రీమియం వేయడం లెక్క కట్టడం కాదు, ఊహించడం.

దేశాలు దీన్ని రకరకాలుగా పరిష్కరించాయి. అమెరికా 2008లో తెచ్చిన చట్టం ఆరోగ్య బీమాలో, ఉద్యోగాల్లో జన్యు వివక్షను నిషేధించింది. జీవిత బీమాను, వైకల్య బీమాను, దీర్ఘకాల సంరక్షణ బీమాను మాత్రం వదిలేసింది. ముసలితనంలో మతిమరుపు వచ్చే ముప్పు ఉన్నవారికి అసలు అవసరమైనవి అవే. కెనడా 2017లో మరింత విస్తృతమైన చట్టం చేసింది. 2020లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని 5–4 తేడాతో నిలబెట్టింది. బ్రిటన్‌లో బీమా సంస్థలు ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందం ప్రకారం, 5 లక్షల పౌండ్లు దాటిన జీవిత బీమాకు హంటింగ్టన్ ముందస్తు పరీక్ష ఫలితం ఒక్కటే అడగవచ్చు. జీవిత బీమా సంస్థలు జన్యు పరీక్షలను వాడకుండా నిషేధిస్తామని ఆస్ట్రేలియా ప్రభుత్వం 2024లో ప్రకటించింది.

భారత్‌లో ఇలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఉన్నది కోర్టు తీర్పులు, హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఉత్తర్వులు. గుండె కండరం మందమయ్యే వంశపారంపర్య జబ్బు ఉన్న వ్యక్తికి జన్యు రుగ్మతల మినహాయింపు పేరుతో క్లెయిమ్ నిరాకరించిన కేసులో 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు, ఇలా గంపగుత్తగా మినహాయించడం రాజ్యాంగంలో సమానత్వ హక్కు ఇచ్చే 14వ అధికరణానికి విరుద్ధమని చెప్పింది. సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఈలోగా 2019 సెప్టెంబరులో ఐఆర్‌డీఏఐ, ఆరోగ్య పాలసీల్లో జన్యు వ్యాధులను, మానసిక వ్యాధులను మినహాయింపుల కింద చూపడానికి వీల్లేదని మార్గదర్శకాలు ఇచ్చింది. శారీరక వ్యాధితో సమానంగా మానసిక వ్యాధికీ బీమా ఇవ్వాలని 2017 చట్టం 21వ సెక్షన్ అప్పటికే చెప్పింది. అయినా ఒక ప్రభుత్వ రంగ సంస్థ మానసిక వ్యాధి ఖర్చు చెల్లించనంటే 2021లో ఢిల్లీ హైకోర్టే మళ్లీ జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. రెండు తీర్పులూ ఇచ్చినది జస్టిస్ ప్రతిభా ఎం. సింగ్.

ఇవన్నీ జబ్బు వచ్చి ఆసుపత్రి పాలైన వ్యక్తికి పనికొచ్చేవి. జబ్బు రాకముందే, పాలసీ ఇచ్చే దశలోనే, ప్రపోజల్ ఫారంలోని కుటుంబ చరిత్ర చూసి ప్రీమియం పెంచడాన్ని గాని, పాలసీ నిరాకరించడాన్ని గాని ఇవి నేరుగా ఆపవు. పాలసీదారుకు కాస్త ఊరటనిచ్చేది గడిచే కాలమే. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం జీవిత బీమా పాలసీని 3 ఏళ్లు దాటాక ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదు. ఆరోగ్య బీమాలో 2024 నుంచి ఆ గడువు 5 ఏళ్లు, మోసం రుజువైతే తప్ప. ఫారంలో అడిగిన ప్రశ్నకు అబద్ధం రాయడం ఎటు చూసినా ప్రమాదమే. అడగని జన్యు స్కోరును తెచ్చి చూపించాల్సిన అవసరం మాత్రం లేదు.

బోనులో జన్యువు

ఇటలీలోని ట్రియెస్టెలో 2009లో అప్పీలు కోర్టు ఒక హత్య కేసు దోషికి శిక్షను ఏడాది తగ్గించింది. అతని మానసిక వ్యాధిని లెక్కలోకి తీసుకుని కింది కోర్టు అప్పటికే శిక్ష తగ్గించి ఉంది. అప్పీలులో చూపిన కొత్త ఆధారం ఎంఏఓఏ సహా కొన్ని జన్యువుల పరీక్ష. ఎంఏఓఏ జన్యువులో ఒక రకం ఉన్నవారు రెచ్చగొడితే దూకుడుగా ప్రవర్తిస్తారన్న వాదన 1993లో ఒక డచ్ కుటుంబం మీద జరిగిన పరిశోధనతో ప్రచారంలోకి వచ్చింది. ఆ కుటుంబంలో ఉన్నది జన్యువు పూర్తిగా పనిచేయని అరుదైన లోపం. కోర్టుల్లో చూపేది చాలా సాధారణంగా కనిపించే రకం. ప్రపంచంలో కోట్లాది మగవాళ్లకు అది ఉంది. వాళ్లలో అత్యధికులు హంతకులు కారు.

2012లో అమెరికాలో 181 మంది న్యాయమూర్తులకు ఒక కల్పిత కేసు ఇచ్చి చూశారు. నేరస్థుడి ప్రవర్తనకు జన్యువు, మెదడు నిర్మాణం కారణమని చెప్పే వివరణ జోడించినప్పుడు వారు వేసిన సగటు శిక్ష సుమారు 13.9 ఏళ్ల నుంచి 12.8 ఏళ్లకు తగ్గింది. ఏడాది తేడా చిన్నదే. ప్రమాదం ఇంకోవైపు ఉంది. 'అతని తప్పు కాదు, పుట్టుకతో వచ్చింది' అన్న వాదనే ఇంకో న్యాయమూర్తికి 'ఇతను మారడు' అని వినిపించవచ్చు.

భారత కోర్టులు ఈ విషయంలో ఎక్కువ నిగ్రహం చూపాయి. చేస్తున్న పని ఏమిటో గాని, అది తప్పని గాని తెలుసుకోలేని స్థితిలో ఉన్నవారికి రక్షణ ఇచ్చే పాత ఐపీసీ 84వ సెక్షన్ 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్ అయింది. అందులో చూసేది ఘటన జరిగిన క్షణంలో మనిషి స్థితి. భార్యను చంపిన ఒక పోలీసు కానిస్టేబుల్‌ను 2002లో సుప్రీంకోర్టు నిర్దోషిగా విడిచిపెట్టింది. ఆ తీర్పు లెక్కలోకి తీసుకున్న అంశాల్లో తండ్రికి మానసిక వ్యాధి ఉండటం, ఈ జబ్బులో వంశపారంపర్యానికి పాత్ర ఉండటం కూడా ఉన్నాయి. కాని నిర్ణయం వాటి మీద ఆగలేదు. 1992 నుంచి నడుస్తున్న చికిత్స రికార్డు, ఘటన తర్వాత కొద్ది నెలల్లో 25 సార్లు ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి రావడం, చంపడానికి బలమైన కారణం లేకపోవడం, పట్టపగలు చంపి పారిపోయే ప్రయత్నమే చేయకపోవడం, ఇవన్నీ కలిశాక వచ్చిన తీర్పు అది. వంశ చరిత్ర ఒక సాక్ష్యం మాత్రమే, అదీ చిన్నది. జన్యు ఆధారాన్ని కోర్టులు ఎక్కడ ఉంచాలో ట్రియెస్టె కంటే ఈ తీర్పే బాగా చూపిస్తుంది.

వైద్యుడి చేతిలో అదే సమాచారం

కరెంటు షాకు అని జనం పిలిచే ఈసీటీ చికిత్సను మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా ఇవ్వడాన్ని 2017 చట్టం నిషేధించింది. ఆ మందుగా ఎక్కువగా వాడేది సక్సినైల్‌కోలిన్. శరీరంలోని ఒక ఎంజైము దాన్ని నిమిషాల్లో విరగ్గొడుతుంది. ఆ ఎంజైము జన్యులోపం వల్ల సరిగా లేనివారిలో మందు ప్రభావం గంటల తరబడి ఉండిపోయి ఊపిరి ఆడదు. వెంటిలేటరు మీద ఉంచాల్సి వస్తుంది. ఈ లోపం ఆర్యవైశ్య సమాజంలో మిగతావారికంటే దాదాపు వంద రెట్లు ఎక్కువని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు భాగస్వాములైన, 2017లో వెలువడిన అధ్యయనం చెప్పింది. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడం దీనికి కారణం. మత్తు ఇచ్చే వైద్యులు 'మీ ఇంట్లో ఆపరేషన్ తర్వాత ఎవరైనా లేవడం ఆలస్యమైందా' అని అడిగేది ఇందుకే. తెలిస్తే వేరే మందు వాడతారు, అంతటితో ప్రమాదం తప్పుతుంది. ఆ సమాజంలోనూ ఎక్కువమందికి ఈ లోపం ఉండదు కాబట్టి ఇంటిపేరు చూసి నిర్ణయించడం కాక, అడగడం, పరీక్షించడం సరైన పద్ధతి.

మూర్ఛకు, బైపోలార్‌కు వాడే కార్బమజెపిన్ కొందరిలో చర్మం ఊడిపోయే ప్రాణాంతక ప్రతిచర్యకు దారితీస్తుంది. హెచ్‌ఎల్‌ఏ-బి 1502 అనే జన్యు రకం ఉన్నవారిలో ఆ ముప్పు చాలా ఎక్కువ. అందుకే ఆసియా సంతతివారికి ఈ మందు మొదలుపెట్టే ముందు పరీక్ష చేయాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007లో సూచించింది. ఈ రెండు చోట్లా జన్యువు ఎవరి విలువనూ కొలవడం లేదు. ఏ మందు వద్దో చెబుతోంది. సమాచారం రోగి మేలు కోసమే, రోగి సమ్మతితోనే కదులుతోంది.

ముందున్న ఒత్తిడి

అమెరికాలో కొన్ని కంపెనీలు ఐవీఎఫ్ (శరీరం బయట ఫలదీకరణ చేసే పద్ధతి) పిండాలకు స్కిజోఫ్రీనియా సహా పలు జబ్బుల పాలీజెనిక్ స్కోరు వేసి, ఏ పిండాన్ని గర్భంలో ఉంచాలో ఎంచుకోమంటున్నాయి. స్కోరు ఎంత బలహీనమో తెలిశాక ఇది అమ్ముతున్నది ఆశా, సమాచారమా అన్న అనుమానం సహజం. భారత్‌లో 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం పిండాల జన్యు పరీక్షను ముందే తెలిసిన వంశపారంపర్య, జన్యు వ్యాధులకు పరిమితం చేసింది. స్కిజోఫ్రీనియా స్కోరు ఆ నిర్వచనంలోకి వస్తుందా అన్న వాదన ఏదో ఒక రోజు కోర్టుకు చేరేదే.

మరోవైపు జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 10 వేల మంది భారతీయుల పూర్తి జన్యు క్రమాలను సేకరించింది. ఇలాంటి సమాచారం పెరిగేకొద్దీ భారతీయులకు వేసే స్కోర్ల గురి మెరుగుపడుతుంది. వైద్యానికి అది శుభవార్త. అదే సమయంలో స్కోరు చూడాలనే కోరిక బీమా సంస్థకు, యాజమాన్యానికి, వియ్యంకులకు పెరుగుతుంది. వ్యక్తిగత డేటా రక్షణ బిల్లు 2019 ముసాయిదాలో జన్యు సమాచారం, ఆరోగ్య సమాచారం 'సున్నిత' వర్గంలో ఉండేవి. వాటికి అదనపు రక్షణ ఉండేది. 2023లో చట్టమై వచ్చేసరికి ఆ వర్గమే పోయింది. ఫోన్ నంబరుకూ జన్యు క్రమానికీ చట్టం దృష్టిలో హోదా ఒకటే. ఫోన్ నంబరు మార్చుకోవచ్చు. జన్యు క్రమం మార్చుకోలేం, పైగా అది అన్నదమ్ముల గురించి, పిల్లల గురించి కూడా వాళ్ల అనుమతి లేకుండానే చెబుతుంది.

ఈ ఖాళీని పూడ్చడానికి కొత్త సిద్ధాంతం అక్కర్లేదు. రోగికి 2017 చట్టం ఇచ్చిన సమానత్వాన్ని ముప్పు ఉన్నవారికీ, వారి బంధువులకీ వర్తింపజేయాలి. బీమాలో ప్రపోజల్ దశనూ దాని పరిధిలోకి తేవాలి. వివాహ చట్టాల నుంచి సంతానోత్పత్తి షరతు తీసేయాలి. బంధువుకు ఎప్పుడు చెప్పవచ్చో 23వ సెక్షన్ కింద వైద్యులకు స్పష్టమైన నియమం ఇవ్వాలి. అంతవరకు మానసిక వ్యాధికి సంబంధించిన జన్యు పరీక్ష చేయించుకునేవారు ముందుగా జన్యు సలహాదారును అడగాల్సినవి మూడున్నాయి. ఈ ఫలితం చికిత్సలో దేన్ని మారుస్తుంది? రిపోర్టు ఎవరెవరి దగ్గర ఉంటుంది? ఇంట్లో ఇంకెవరి గురించి ఇది చెబుతుంది? మొదటిదానికి 'ఏమీ మార్చదు' అనే జవాబు వస్తే, పరీక్ష వాయిదా వేయడంలో నష్టం లేదు.